శిలయు నవలయు: చారిత్రక నవలల ఆకర్షణ

చారిత్రక నవల యన నేమి? అది మనలను ఏల ఆకర్షించును? దానిని ఎట్లు చదువవలెను? ఈ మూడు ప్రశ్నలకు ఈ వ్యాసమున సమాధానము చెప్ప యత్నింతును. ఇది ముఖ్యముగా తొమ్మిది, పది తరగతుల విద్యార్థులకై వ్రాయబడినది. “నవలలు చదివిన పిల్లలు చెడిపోవుదురు” అని తలంచు తల్లిదండ్రులును ఒక్కసారి దీనిని చదివినచో మిగుల సంతోషింతును. ఉదాహరణమునకై మనము దూరము పోనక్కరలేదు. మన రాయచూరు కోటయే మనకు పాఠ్యగ్రంథము కాగలదు.

1. చారిత్రక నవల పుట్టుక

చరిత్రకారుడు ప్రమాణము లేని మాట పలుకరాదు. శాసనము, నాణెము, తామ్రపత్రము, యాత్రికుని వ్రాత – వీనిలో ఏదియో ఒకటి ఆయన చేత నుండవలెను. నవలాకారునకు ఆ నిర్బంధము లేదు. ఈ యిద్దరి పనులను ఒకచోట కూర్చి, ప్రమాణములచే తెలియవచ్చిన కాలమునందు కల్పిత వ్యక్తులను నడిపించునదియే చారిత్రక నవల.

ఐరోపా ఖండమున ఈ ప్రక్రియకు బాట వేసినవాడు స్కాట్లండు దేశీయుడగు సర్ వాల్టర్ స్కాట్. ఆయన ‘వేవర్లీ’ నవల 1814లో వెలువడినది. అందు ఆయన ఒక చక్కని యుపాయము పన్నెను. రాజును కథానాయకుని చేయక, రెండు పక్షముల నడుమ చిక్కువడిన ఒక సామాన్య యువకుని కథానాయకుని చేసెను. రాజులును సేనానులును వచ్చి పోవుచుందురు. పాఠకుడు మాత్రము ఆ యువకుని కన్నులతోనే సర్వమును చూచును. మన దేశమున వంగభాషలో బంకించంద్రుడు 1865లో ‘దుర్గేశనందిని’ని ప్రకటించెను.

తెలుగున చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి ‘హేమలత’ 1896 నాటిది. దాని కథ రాజపుత్రులకు సంబంధించినది. గోదావరీ తీరమున నివసించిన రచయిత కథకై చిత్తోడు దుర్గమునకు ఏల పోయెను? కారణము గ్రహింపదగినది. రాజపుత్రుల చరిత్రను జేమ్స్ టాడ్ అను ఆంగ్లేయాధికారి 1829, 1832 సంవత్సరములలో రెండు పెద్ద సంపుటములుగా ప్రకటించి యుండెను. తెలుగు రాజుల చరిత్ర నాటికి అట్టి సమగ్రరూపమున లభింపకుండెను.

ఆ కొరతను తీర్చ పూనుకొనినది 1906లో హైదరాబాదున స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలి. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు దానికి ప్రాణము వంటివారు. చిలుకూరి వీరభద్రరావుగారి ‘ఆంధ్రుల చరిత్రము’ మొదటి భాగము 1910లో ఆ గ్రంథమాలయందే వెలువడినది. ఆ మండలియే నవలలకు పోటీలు పెట్టి బహుమతు లిచ్చినది. మన యూరి పేరు గల కేతవరపు వేంకటశాస్త్రిగారి ‘రాయచూరు యుద్ధము’ ఆ కాలపు నవలయే. అనగా, చరిత్ర ముందు నడిచినది. నవల దాని యడుగుజాడలలో నడిచినది. పిమ్మట విశ్వనాథ సత్యనారాయణగారు ‘ఏకవీర’లో మధుర నాయకరాజుల నాటి జీవితమును, అడివి బాపిరాజుగారు ‘హిమబిందు’లో శాతవాహన యుగమును, ‘గోన గన్నారెడ్డి’లో కాకతీయ యుగమును, నోరి నరసింహశాస్త్రిగారు ‘నారాయణభట్టు’లో రాజరాజనరేంద్రుని కాలమును చిత్రించిరి. రుద్రమదేవి పేరనే నరసింహశాస్త్రిగారి నవల మరియొకటి కలదు.

2. రాయచూరు శిల

ఇప్పుడు మన కోటకు వత్తము. లోపలి కోటగోడలో నలువది యడుగులకు మించిన పొడవుగల ఒక మహాశిల ఇమిడి యున్నది. దానిపై తెలుగు శాసనము చెక్కబడి యున్నది. దాని కాలము క్రీ. శ. 1294. గోన గన్నయరెడ్డి పేరును, ఆయన సేనాని విఠలుని పేరును అందు కనవచ్చును. విఠలుడు ఆదవోని మొదలగు దుర్గములను జయించి, రాయచూరు ప్రవేశించి, ఈ శిలాదుర్గమును కట్టించెనని దాని తాత్పర్యము. ఆ శిలను బండిపై నెక్కించి పశువులచే లాగించుకొని వచ్చుచున్న దృశ్యము సయితము గోడపై గీయబడి యున్నది. అంత పెద్ద రాతిని తెచ్చిన శ్రమను మఱువరాదని నాటివారు తలంచిరి కాబోలు!

ఆ నాటికి కాకతీయ సింహాసనమున ప్రతాపరుద్రుడు ఉండెను. ఆయనకు ముందు ఆయన మాతామహి రుద్రమదేవి 1262 నుండి 1289 వఱకు ఏలెను. గోన వంశీయులు కాకతీయుల సామంతులు.

ఈ మార్గమున దినమును నడచువారిలో ఎందఱు ఆ శిలను చూచి నిలుతురు? చూచినను, ఏడువందల యేండ్లకు పైబడిన ఆ లిపిని చదువగలవారు అరుదు. చదివినను, అందున్నవి పేర్లు, జయములు, తేదీ. శిల యబద్ధ మాడదని మనము నమ్మవచ్చును గాని, అది మితభాషి. ఆ పశువులను తోలినవాడెవడు? రాతి పొడి కన్నులబడి దృష్టి గోల్పోయిన శిల్పి యుండెనా? ఆదవోని పట్టువడిన దినమున ఆ యూరి యాడువారు తలుపులు మూసికొని ఏమి యాలోచించిరి? ఈ ప్రశ్నలకు శిల బదులు చెప్పదు. నవల కాలు మోపునది సరిగా ఈ చోటనే.

3. నవల పలికిన మాట

పొరుగు రాష్ట్రమున నేను ఉపాధ్యాయ శిక్షణము పొందుచుండిన దినములలో, మాది రాయచూరు ప్రాంతమని చెప్పగానే తోడివా రొకరు “అచ్చట తెలుగు మాటలాడుదురా?” అని యడిగిరి. ఆయన యడిగినది చులకనతో గాదు; ఎఱుగక యడిగెను. నాకును తక్షణమే చెప్పదగిన సమాధానము తోచలేదు. ఆ మాసముననే గ్రంథాలయమున ‘గోన గన్నారెడ్డి’ నా చేతికి వచ్చినది. కొన్ని పుటలు త్రిప్పగానే ఆదవోని పేరు కానవచ్చినది. రాయచూరునుండి గుంతకల్లు పోవు రైలుమార్గమున మనము చూచు ఆదోనియే అది! మా మేనత్తగారి యూరి పేరు ఒక పెద్ద రచయిత గ్రంథమున, రాజకుమార్తె పుట్టినిల్లుగా కనబడినప్పుడు కలిగిన సంతోషమును మాటలలో చెప్పజాలను. సమాధానము దొరికినది, దానిని మొదట అందించినది చరిత్ర గ్రంథము గాదు, నవల.

బాపిరాజుగారు (1895–1952) కవియే గాక చిత్రకారుడు. కావుననే ఆయన నవలలో వస్త్రముల రంగులు, ఆభరణముల తీరులు, గుఱ్ఱముల నడకలు కన్నులకు గట్టినట్లుండును. కథలో గన్నారెడ్డి గజదొంగ యన్న పేరు మోయుచు, లోలోపల రుద్రమదేవికి అండగా నిలుచు వీరుడు. ఆదవోని రాజకుమార్తె అన్నాంబికకు పెద్దలు నిశ్చయించిన పెండ్లిని అతడు చెదరగొట్టును. ఆ గజదొంగ యెవడో, అతని యాంతర్యమేమో తెలిసికొన బయలుదేరిన అన్నాంబిక హృదయమే కథను నడపించును. మీలో పలువురు గన్నారెడ్డిని 2015లో వచ్చిన ‘రుద్రమదేవి’ చలనచిత్రమున చూచియుందురు. నవలలోని గన్నారెడ్డి తెరమీది వానికంటె నెమ్మదియైనవాడు, లోతైనవాడు. చదివి పోల్చి చూడుడు.

ఇందొక విశేషము గమనింపుడు. ఆదవోని జయింపబడిన దుర్గమని శిల చెప్పుచున్నది. ఆ యాదవోనియే గన్నారెడ్డి వలచిన కన్యకు పుట్టినిల్లని నవల చెప్పుచున్నది. ఒకే యూరు శాసనమున జయము, నవలలో ప్రణయము. జయించినవాని పేరు మాత్రమే రాతికెక్కును. ఓడిన యూరి కూతురునకును ఒక మనస్సున్నదని చెప్పుటకు నవలాకారుడు రావలసి వచ్చినది.

4. ప్రేమకథ ఏల?

“చరిత్రను చెప్పదలచినచో చరిత్రనే చెప్పవచ్చును గదా! నడుమ ప్రేమకథ ఏల?” అని కొందఱు పెద్దలు ఆక్షేపింతురు. దీనికి రెండు సమాధానములు కలవు.

మొదటిది. చరిత్రలో స్త్రీల మాట మిక్కిలి తక్కువ. సింహాసన మధిష్ఠించిన రుద్రమదేవినే శాసనములు పలుచోట్ల ‘రుద్రదేవ మహారాజు’ అని పురుష నామముతో పేర్కొనినవి. పదుమూడవ శతాబ్ది చివర తీరమున పయనించిన మార్కో పోలో ఆమె పాలనను మెచ్చుకొనెను గాని, ఆమెను మరణించిన రాజునకు భార్యగా తలంచెను. ఆమె గణపతిదేవుని భార్య కాదు, కూతురని శాసనములు తేల్చినవి. నల్లగొండ ప్రాంతపు చందుపట్ల శాసనము 1289 నాటికి ఆమెయు, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడును శివసాయుజ్య మొందిరని తెలుపును. ఎట్లు మరణించిరో తెలుపదు. కాయస్థ అంబదేవునితో జరిగిన పోరున మరణించిరని చరిత్రకారుల యూహ. మహారాణి విషయమే యిట్లుండగా సామాన్య స్త్రీల మాట చెప్పనేల? ప్రేమకథ నెపమున నవల ఆ మూగవారికి నోరిచ్చినది.

రెండవది. ప్రేమ యున్నచోటనే మనుష్యుడు ఏదియో ఒకటి యెన్నుకొనవలసి వచ్చును. ‘ఏకవీర’ను తీసికొనుడు. కుట్టానుడు, వీరభూపతి ప్రాణమిత్రులు. కుట్టానుడు మీనాక్షిని వలచెను. వీరభూపతి ఏకవీరను వలచెను. పెద్దల నిర్ణయముచే కుట్టానునకు ఏకవీరతోను, వీరభూపతికి మీనాక్షితోను వివాహములు జరిగినవి. ఎవరును దుర్మార్గులు కారు. ఐనను నలుగురి జీవితములును దగ్ధములైనవి. ఈ కథ నేటి వీథిలో జరిగినట్లు చెప్పినచో మనము వెంటనే పక్షము వహింతుము. మన యిల్లు, మన బంధువులు అడ్డు వత్తురు. నాలుగువందల యేండ్ల వెనుకటి వైగైనదీ తీరమున జరిగినట్లు చెప్పినప్పుడు కోపము లేక ఆలోచింపగలము. పెద్దల మాట యెంతవఱకు, బిడ్డల మనస్సు ఎంతవఱకు అను ప్రశ్న నాయకరాజులతో ముగిసిపోయినది కాదు. పదవ తరగతి ముగియకమునుపే పెండ్లిమాటలు వినబడు ఇండ్లు నేటికిని కలవని మన తరగతి గదులలో కూర్చున్న బాలికలకు వేఱుగ చెప్పనక్కరలేదు. ఆ మాటను ఇంట నోరు తెఱచి అడుగలేని బాలిక, కథలోని మీనాక్షిని గూర్చి తరగతిలో నిర్భయముగా మాటలాడగలదు. తల్లిదండ్రులు ఆ నవలను తామును చదివి, బిడ్డతో దానిని గూర్చి మాటలాడినచో, చెడిపోవుట మాట యటుంచి, ఇంట నొక తలుపు తెఱచుకొనును.

5. మూడు జల్లెడలు

“అయ్యా, అన్నాంబిక నిజముగా ఉండెనా?” అని విద్యార్థులు తఱచుగా అడుగుదురు. మంచి ప్రశ్న. చారిత్రక నవలను చదువువాడు మూడు జల్లెడలు చేత పట్టుకొనవలెను.

మొదటి జల్లెడ ప్రమాణము. గోన గన్నయరెడ్డి ఉండెను, రుద్రమదేవి ఉండెను, ఆదవోని ఉండెను. వీనికి శిల సాక్షి. అన్నాంబిక ప్రణయమునకు మన రాయచూరు శిల సాక్ష్య మీయదు. అది రచయిత యల్లిన కథ.

రెండవ జల్లెడ సంభావ్యత. ఈ సంఘటన జరిగినట్లు ఋజువు లేకున్నను, ఆ కాలమున జరుగ వీలున్నదా? దీనిని పరీక్షించుటకు వంటయింటికి పొండు. పదుమూడవ శతాబ్దపు సైనికుడు జొన్నరొట్టె తినెనని వ్రాసినచో ఒప్పు. దానితో మిరపకాయ పచ్చడి నంజుకొనెనని వ్రాసినచో తప్పు. మిరప అమెరికా ఖండపు పంట. వాస్కో డ గామా 1498లో కాలికట్టు చేరిన పిమ్మట పోర్చుగీసువారి ద్వారా మన దేశమునకు వచ్చినది. రుద్రమదేవి కాలమున కారమునకు మిరియములే గతి. వేరుశనగ, మొక్కజొన్న, బంగాళాదుంప, పొగాకు – ఇవియు ఆ ఖండమునుండి వచ్చినవే. అట్లే గన్నారెడ్డి కోటగోడపై ఫిరంగి ప్రేలినచో నమ్మవలదు. అదే రాయచూరున 1520లో కృష్ణదేవరాయలకును బిజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్‌షాకును యుద్ధము జరిగినప్పుడు ఫిరంగులు ప్రేలినవి. పోర్చుగీసు తుపాకిదారులు కొందఱు క్రిస్తోవావో ద ఫిగైరెదొ అను వాని నాయకత్వమున రాయల పక్షమున నిలిచి, గోడపైనున్న కావలివారిని గుఱిచూచి కొట్టిరని న్యూనిజ్ అను పోర్చుగీసువాడు వ్రాసి యుంచెను. ఒకే కోట, రెండు యుద్ధములు, నడుమ రెండువందల యేండ్లకు పైబడిన కాలము. ఆ కాలభేదమును వస్తువులు తెలుపును.

మూడవ జల్లెడ ప్రయోజనము. రచయిత కల్పించిన భాగము ఆ కాలపు మనుష్యులను మనకు దగ్గఱ చేయుచున్నదా, లేక కత్తుల మెఱుపులతో కన్నులు చెదరగొట్టుచున్నదా? మంచి నవల ముగించిన పిమ్మట “తరువాత ఏమైనది?” అని చరిత్ర గ్రంథమును వెదకుదుము. చెడ్డ నవల ముగించిన పిమ్మట వెదకవలసిన దేదియు మిగులదు.

ఈ జల్లెడలు నవల రుచిని చెడగొట్టవు. వంటలో ఏ దినుసు ఎంత పడినదో తెలిసినంత మాత్రమున భోజనము రుచి తగ్గదు గదా! పైగా క్రొత్త శాసనము దొరికినప్పుడు చరిత్ర మారవచ్చును. చందుపట్ల శాసనము బాపిరాజుగారి నవలకు తరువాతనే వెలుగులోనికి వచ్చినది. అంతమాత్రమున నవల మూలబడలేదు. అది తేదీలమీద గాక మనుష్యులమీద నిలిచినది.

6. గర్వమును గూర్చి ఒక మాట

విద్యార్థులారా, ఇచ్చట మీతో ఒక మాట స్పష్టముగా చెప్పవలసి యున్నది. కోటగోడలో తెలుగు శాసనమున్నదని తెలిసినప్పుడు మీకు సంతోషము కలుగుట సహజము. ఇంటి భాష యొకటి, వీథి భాష యొకటిగా పెరిగిన బిడ్డకు, “నా భాష యీ నేలకు క్రొత్తది కాదు” అను తలంపు వెన్నుగట్టి యగును. ఆ సంతోషమును ఉంచుకొనుడు. కాని “కావున ఈ యూరు మాదే” అని ఒక్క యడుగు ముందునకు వేయకుడు.

ఏలయనగా ఈ నేల శాసనములు ఒక్క భాషలో లేవు. మన జిల్లాలోని మస్కి గ్రామమున 1915లో బయల్పడిన అశోకుని శాసనము ప్రాకృతభాషలో, బ్రాహ్మీలిపిలో నున్నది. అశోకుడను పేరు స్పష్టముగా కనవచ్చిన శాసనములలో అది మొదట దొరికినది. కన్నడ శాసనములు ఈ ప్రాంతమున పెక్కులు. కోటలో పారసీక శాసనములును ఉన్నవి. కృష్ణా తుంగభద్రల నడుమనున్న యీ నేలకై కాకతీయులు, యాదవులు, బహమనీలు, విజయనగర రాజులు, ఆదిల్‌షాహీలు పోరాడిరి. అందఱును గోడకు కొన్ని రాళ్లు చేర్చి వెడలిపోయిరి. కృష్ణదేవరాయలను మనము ఆంధ్రభోజుడందుము. కన్నడిగులు కన్నడరాజ్య రమారమణుడందురు. ఆయన యిద్దఱకును చెందినవాడు.

ఈ విషయమున మీకు పెద్దనగరముల తెలుగు బిడ్డలకు లేని భాగ్యము కలదు. మీరు కన్నడమును చదువగలరు. హొయ్సళ రాణిని గూర్చి కె. వి. అయ్యర్ వ్రాసిన ‘శాంతల’ను, చిత్రదుర్గ పతనమును గూర్చి త. రా. సుబ్బరావు వ్రాసిన ‘దుర్గాస్తమాన’ను మీరు మూలముననే చదువవచ్చును. ‘దుర్గాస్తమాన’కు 1985లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించినది. ఒక భాష నవలలో శత్రువుగా వచ్చినవాడు మరియొక భాష నవలలో నాయకుడుగా వచ్చును. ఆ యిద్దఱిని ఒకే మనస్సున నిలుపుకొనగలవానికి చరిత్ర ద్వేషమును నేర్పజాలదు. ఓడినవారి కూతురునకును మనస్సున్నదని అన్నాంబిక నేర్పిన పాఠమును కథలో మాత్రమే యుంచుకొనక, పొరుగింటివారి విషయమునను పాటించుట మన చదువునకు ఫలము.

అభ్యాసము

1. మీ యింటి పెద్దలతో కలిసి కోటకు పోయి, ఆ మహాశిలను, బండి చిత్రమును చూచి, చూచినది చూచినట్లు ఒక పుట వ్రాయుడు. శిలను గీకరాదు, దానిపై సుద్దతో వ్రాయరాదు.

2. ఆ బండిని తోలినవానిని ఒక పాత్రగా కల్పించి, అతని ఒక దినమును రెండు పుటలలో చెప్పుడు. అతని భోజనమున మిరపకాయ యుండరాదని మఱువకుడు.

3. ‘గోన గన్నారెడ్డి’ మొదటి ప్రకరణములను చదివి, అందలి విషయములను “శిల చెప్పినది”, “జరుగ వీలున్నది”, “కల్పించినది” అని మూడు వరుసలుగా విభజింపుడు.

4. తెలుగు నవల యొకటి, కన్నడ నవల యొకటి తీసికొని, రెండింటిలోను ఓడిపోయినవారిని రచయితలు ఎట్లు చిత్రించిరో పోల్చి, తరగతిలో ఐదు నిమిషములు ప్రసంగింపుడు.

5. మీ యవ్వగారిని, తాతగారిని అడిగి, మీ కుటుంబము ఈ యూరికి ఎప్పుడు, ఏల వచ్చినదో తెలిసికొని వ్రాయుడు. వారు చెప్పిన మాట యొకప్రక్క, మీరు ఊహించిన మాట మరియొకప్రక్క ఉండవలెను. మంచి నవలాకారులు పని ప్రారంభించునది ఇచ్చటనే.